‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అర్థమూ వాడుకా: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకూ, లాడ్జీలలోనూ ట్రావెల్స్ ఆఫీసులలోనూ పనిచేసే యువతీయువకులకూ సాయంత్రం పూట ఇంగ్లీషు మాట్లాడడం నేర్పుతుంటాను. వాళ్లు అందరికంటే ముందు ఇష్టపడి నేర్చుకునే జాతీయాలలో ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ ఒకటి. ఎక్కువగా తప్పుగా వాడేదీ అదే. తరగతిలో పదేపదే వినిపించిన ప్రశ్నలను, వాటికి నేను చెప్పుకుంటూ వచ్చిన సమాధానాలను ఇక్కడ ఒకచోట చేర్చాను.

ఈ జాతీయానికి అర్థం ఏమిటి?

చాలా అరుదుగా, అదీ ఎప్పుడు జరుగుతుందో ముందుగా చెప్పలేని విధంగా అని అర్థం. ఇందులో రెండో సగాన్ని చాలామంది వదిలేస్తారు. నిఘంటువు తెరిస్తే ‘అరుదుగా’ అన్న ఒక్క మాట కనిపిస్తుంది కనుక, అరుదైన ప్రతిదానికీ దీన్ని వాడవచ్చునని అనుకుంటారు. నిజానికి ఇందులో రెండు సంగతులు కలిసి ఉన్నాయి. ఆ పని జరగడం తక్కువ అన్నది ఒకటి, దాన్ని నమ్ముకుని కూర్చోవడానికి వీల్లేదన్నది మరొకటి.

మన స్వర్ణముఖినే తీసుకోండి. చంద్రగిరి వైపు నుంచి తిరుపతి పక్కగా శ్రీకాళహస్తికి సాగే ఆ నదిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపిస్తుంది. ఒడ్డు నుంచి ఒడ్డుకు నిండి పారడం ఎప్పుడో గాని జరగదు, ఎప్పుడు జరుగుతుందో పంచాంగం చూసి చెప్పనూలేము. అలాంటి సందర్భానికి ఈ జాతీయం సరిగ్గా అతుకుతుంది.

ఇది సామెతా, జాతీయమా?

జాతీయమే. సామెత తనంతట తాను నిలబడే పూర్తి మాట, దానిలో ఒక అనుభవమో హితవో ఉంటుంది. జాతీయం వాక్యంలో ఒక భాగంగా మాత్రమే వస్తుంది. ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అని ఒంటరిగా అంటే, ఏది అంత అరుదుగా జరుగుతుందో చెప్పమని ఎదుటివారు అడుగుతారు. ‘ఎంత తరచుగా?’ అన్న ప్రశ్నకు సమాధానంగా మాత్రం ఒంటరిగా అనవచ్చు, ఎందుకంటే అక్కడ మిగిలిన వాక్యం ప్రశ్నలోనే ఉంది.

‘నీలి చంద్రుడిలో ఒకసారి’ అని తెలుగులో రాయవచ్చా?

రాయకూడదు. ఒక విద్యార్థి అనువాద అభ్యాసంలో ‘మా మామ నీలి చంద్రుడిలో ఒకసారి మా ఇంటికి వస్తాడు’ అని రాశాడు. ఆ వాక్యాన్ని పైకి చదివించినప్పుడు పక్కన కూర్చున్న అమ్మాయి, ‘నీలిచంద్రుడు అంటే ఏ ఊరు సార్?’ అని అమాయకంగానే అడిగింది. ఆమె తప్పేమీ లేదు, ఆ వాక్యాన్ని తెలుగుగా చదివినవారెవరికైనా వచ్చే సందేహమే అది. జాతీయంలో మాటలకు విడివిడిగా ఉన్న అర్థం కలిసినప్పుడు మిగలదు. ‘వాడికి ఇంగ్లీషు కొట్టిన పిండి’ అన్న మన మాటను ఇంగ్లీషులోకి మాటకు మాట మార్చి చెబితే, వినేవారు రోలూ రోకలీ వెతుక్కోవలసి వస్తుంది.

అరుదుతనానికీ, చంద్రుడి నీలి రంగుకూ సంబంధం ఎలా వచ్చింది?

ఇంగ్లీషులో ‘చంద్రుడు నీలంగా ఉన్నాడు’ అన్న మాట మొదట అరుదైనదాన్ని సూచించలేదు, నమ్మశక్యం కానిదాన్ని సూచించింది. 1528లో అప్పటి మతాధికారుల పెత్తనాన్ని విమర్శిస్తూ ఇంగ్లీషులో అచ్చయిన ఒక పద్య రచనలో, వాళ్లు చంద్రుడు నీలమని చెప్పినా మనం నిజమని నమ్మి తీరాలి అన్న భావంతో రెండు పాదాలు ఉన్నాయి. మనం ‘కాకి తెల్లగా ఉందంటే అవునవును అనాలి’ అని విసుక్కుంటామే, అదే ధోరణి. అంటే ఆనాటికి నీలి చంద్రుడు అబద్ధానికి గుర్తు.

తర్వాతి కాలంలో ఈ ‘ఎన్నటికీ జరగనిది’ అన్న భావం కొంత మెత్తబడి, ‘దాదాపు జరగనిది’ అన్న చోటికి వచ్చింది. 19వ శతాబ్దం మొదటి భాగానికి, చాలా కాలంగా కనిపించని మనిషి గురించి లండన్ జనం బ్లూ మూన్ అన్న మాటను కలిపి మాట్లాడడం అచ్చులో కనిపిస్తుంది. ఈ మార్పు నాకు చాలా ముచ్చటగా అనిపిస్తుంది. అసాధ్యం అన్న మాట వాడగా వాడగా అరుగుతూ వచ్చి అరుదు దగ్గర ఆగింది. మన ‘గగనం’ కూడా ఇలాగే నడిచింది. ‘గగనకుసుమం’ అంటే ఆకాశంలో పూసిన పువ్వు, అంటే లేనిది. కానీ వేసవిలో ‘ట్యాంకరు నీళ్లు దొరకడం గగనమైపోయింది’ అంటే నీళ్లు లేవని కాదు, దొరకడం మహా కష్టంగా ఉందని అర్థం.

చంద్రుడు నిజంగా నీలంగా కనిపించిన సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి, చాలా తక్కువ. 1883లో ఇండోనేసియాలోని క్రకటోవా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు గాలిలోకి లేచిన సన్నని దుమ్ము వల్ల లోకంలో పలుచోట్ల చంద్రుడు నీలంగానూ ఆకుపచ్చగానూ కనిపించాడు. 1950 సెప్టెంబరులో కెనడాలోని అడవుల్లో చెలరేగిన మంటల పొగ అట్లాంటిక్ దాటి బ్రిటన్ మీదికి వచ్చినప్పుడు, అక్కడ సూర్యచంద్రులు ఇద్దరూ నీలి ఛాయలో కనబడ్డారు. గాలిలోని రేణువులు ఎర్రని కాంతి తరంగం పొడవు కంటే కొద్దిగా పెద్దవిగా, అంటే సుమారు ఒక మైక్రాన్ సైజులో ఉండి, దాదాపు అన్నీ ఒకే సైజులో ఉన్నప్పుడు అవి ఎరుపును చెదరగొట్టి నీలాన్ని మన కంటి దాకా రానిస్తాయి. మామూలు పొగలో అన్ని సైజుల రేణువులూ కలగలిసి ఉంటాయి కనుక ఈ రంగు రాదు. జాతీయం మాత్రం ఈ రెండు సంఘటనలకూ ముందే పుట్టింది.

ఒకే నెలలో వచ్చే రెండో పున్నమిని బ్లూ మూన్ అంటారు కదా, జాతీయం దాని నుంచి వచ్చిందా?

రాలేదు. జాతీయం ముందు, ఆ లెక్క తర్వాత. టీవీలోనూ ఫోన్లలోనూ ‘ఈ రాత్రి బ్లూ మూన్’ అన్న వార్తలు వస్తుంటాయి కనుక చాలామంది తలకిందులుగా అనుకుంటారు.

అమెరికాలో మెయిన్ రాష్ట్రపు రైతుల పంచాంగం ఒకటి, మామూలుగా మూడు పున్నములుండే ఒక ఋతువులో నాలుగు వస్తే అందులో మూడోదానిని బ్లూ మూన్ అని పిలిచేది. 1946లో ‘స్కై అండ్ టెలిస్కోప్’ అనే ఖగోళ పత్రికలో జేమ్స్ హ్యూ ప్రూయెట్ అనే ఆయన ఆ నియమాన్ని వివరిస్తూ పొరబడి, ఒక ఇంగ్లీషు నెలలో వచ్చే రెండో పున్నమి అని రాశారు. 1980లో ఒక అమెరికన్ రేడియో కార్యక్రమం అదే నిర్వచనాన్ని ప్రసారం చేయడంతో అది ఇంటింటికీ పాకింది. ఆ పత్రికే 1999లో తన పాత పొరపాటును సరిదిద్దింది గాని, అప్పటికే కొత్త అర్థం లోకమంతా స్థిరపడిపోయింది. ఇప్పుడు రెండు అర్థాలూ చెల్లుతున్నాయి.

ఆ పున్నమి రోజున చంద్రుడికి ప్రత్యేకమైన రంగేమీ ఉండదు. 2018 జనవరి 31న వచ్చిన బ్లూ మూన్ అయితే మన వైపు ఎర్రబడింది. ఆ సాయంత్రం చంద్రుడు గ్రహణంతోనే ఉదయించి, కాసేపటికి సంపూర్ణ గ్రహణంలో పడి, దాదాపు ఏడున్నర దాకా రాగి రంగులో కనిపించాడు. గ్రహణం కారణంగా ఆ రోజు తిరుమల ఆలయం తలుపులు మూశారు, గ్రహణ కాలంలోనూ తెరిచి ఉండే శ్రీకాళహస్తి ఆలయంలో మాత్రం పూజలు సాగాయి.

ఈ బ్లూ మూన్‌కూ మన అధికమాసానికీ సంబంధం ఉందా?

ఉంది. తిరుపతివాళ్లకు ఈ విషయం చెప్పినప్పుడు వాళ్ల కళ్లలో కనిపించే వెలుగు వల్ల నాకు ఇది అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న.

ఒక పున్నమి నుంచి మరో పున్నమికి సుమారు 29.53 రోజులు. అలాంటి పన్నెండు కలిపితే 354 రోజుల పైచిలుకు. సూర్యుణ్ణి బట్టి లెక్కించే సంవత్సరం 365 రోజుల పైచిలుకు. ఏటా దాదాపు 11 రోజులు మిగులుతాయి. ఆ మిగులు రెండేళ్ల ఎనిమిది నెలల్లో దాదాపు ఒక చాంద్రమాసమంత అవుతుంది. మన పంచాంగకర్తలు ఆ మిగులును, సూర్య సంక్రమణం పడని, అంటే సూర్యుడు కొత్త రాశిలోకి మారని చాంద్రమాసాన్ని అధికమాసంగా లెక్కగట్టి సర్దుతారు. ఇంగ్లీషు క్యాలెండరుకు చంద్రుడితో పని లేదు కనుక అది సర్దదు. అందువల్ల ఆ అదనపు పున్నమి ఏదో ఒక నెలలో రెండోదిగా బయటపడుతుంది. దాన్నే బ్లూ మూన్ అంటున్నారు. 19 ఏళ్లలో అధికమాసాలు ఏడు వస్తాయి, నెలలో రెండో పున్నమి కూడా అదే లెక్కన సుమారు ఏడుసార్లు వస్తుంది.

తిరుమలలో అధికమాసం వచ్చిన సంవత్సరం శ్రీవారికి రెండు బ్రహ్మోత్సవాలు జరుగుతాయని ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. మొదటివి సాలకట్ల బ్రహ్మోత్సవాలు, రెండోవి నవరాత్రి బ్రహ్మోత్సవాలు. నవరాత్రి బ్రహ్మోత్సవాలలో ధ్వజారోహణం ఉండదు. 2012, 2015, 2018, 2020, 2023 సంవత్సరాలు అలాంటివి. ఆ అయిదు సంవత్సరాల్లోనూ నెలలో రెండో పున్నమి కూడా వచ్చింది: 2012 ఆగస్టు 31, 2015 జూలై 31, 2018 జనవరి 31, అదే ఏడు మార్చి 31, 2020 అక్టోబరు 31, 2023 ఆగస్టు 31. 2018లో రెండుసార్లు రావడానికి కారణం ఫిబ్రవరి. ఆ నెలకు 28 రోజులే కనుక అందులో ఆ ఏడు అసలు పున్నమే పడలేదు. 2026 మే 31 నాటి బ్లూ మూన్ అధిక జ్యేష్ఠ మాసంలోనే పడుతుంది.

అయితే ఈ జాతీయానికి ‘రెండున్నరేళ్లకు ఒకసారి’ అని అర్థం చెప్పుకోవచ్చా?

చెప్పుకోకూడదు. పై లెక్క ఆకాశంలోని బ్లూ మూన్‌ది, జాతీయానిది కాదు. ‘మా అన్న వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ ఫోన్ చేస్తాడు’ అన్నవారి అన్న మూడు నెలలకోసారి ఫోన్ చేస్తుండవచ్చు. ఆ చెల్లెలికి అది చాలా తక్కువగా అనిపించింది, అంతే. ఇక్కడ కొలత క్యాలెండరులో లేదు, మాట్లాడేవారి మనసులో ఉంది.

తెలుగులో దీనికి సరిసమానమైన మాట ఏది?

ఒక్క మాట లేదు, చాలా మాటలు ఉన్నాయి. సందర్భాన్ని బట్టి ఎంచుకోవాలి.

రోజువారీ వాడుకకు ‘ఎప్పుడో గాని’, ‘ఎప్పుడో ఒకప్పుడు’, ‘ఏ ఆర్నెల్లకో’ అన్నవి చక్కగా సరిపోతాయి. ఇంకొంచెం రంగు కావాలంటే ‘అమావాస్యకో పున్నానికో’ ఉంది. ఇది వినగానే నా విద్యార్థులు నవ్వుతారు, ఎందుకంటే అమావాస్యా పున్నమీ పక్షానికొకటి వస్తూనే ఉంటాయి, లెక్క ప్రకారం అది అరుదే కాదు. అయినా ‘అమావాస్యకో పున్నానికో కనిపిస్తాడు’ అంటే చాలా అరుదుగా అనే అందరికీ అర్థమవుతుంది. అరుదుతనం చెప్పడానికి వాళ్లూ మనమూ ఇద్దరమూ చంద్రుణ్ణే పిలుచుకున్నాము, ఇద్దరమూ లెక్క పక్కన పెట్టేశాము.

‘పుష్కరానికోసారి’ అన్నది మరింత బలమైన మాట. నదికి పన్నెండేళ్లకొకసారి పుష్కరం వస్తుంది. గోదావరికి 2015లో, కృష్ణకు 2016లో వచ్చింది. ‘పుష్కరానికోసారి పుట్టింటికి వస్తుంది’ అంటే పన్నెండేళ్లని ఎవరూ లెక్కపెట్టరు. కానీ అదే మాటను అక్షరాలా వాడవలసిన సందర్భాలూ మన ఊళ్లో ఉన్నాయి. తిరుమలలో అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ పన్నెండేళ్లకొకసారి జరుగుతుంది, 2018 ఆగస్టులో జరిగింది. దాని గురించి ఇంగ్లీషులో చెప్పేటప్పుడు బ్లూ మూన్ వాడితే తప్పవుతుంది, ‘వన్స్ ఎవ్రీ ట్వెల్వ్ ఇయర్స్’ అని ఉన్నదున్నట్టు చెప్పాలి.

మనుషుల రాకపోకల గురించి అయితే నాకు అన్నిటికంటే అందంగా తోచేది ‘నల్లపూస’. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ చాలా రోజుల తర్వాత ఊరికి వచ్చిన మనవణ్ణి చంద్రగిరి దగ్గరి ఒక పల్లెలో అవ్వ గడపలోనే ఆపి, చెయ్యి పట్టుకుని, ‘ఏం నాయనా, నల్లపూసైపోతివే!’ అనడం నేను విన్నాను. ఆ ఒక్క మాటలో నిష్ఠూరమూ ఉంది, వచ్చాడన్న సంతోషమూ ఉంది. అదే మాటను ‘యు కమ్ ఓన్లీ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అని ఇంగ్లీషులో చెబితే, నిష్ఠూరం వస్తుంది గాని చెయ్యి పట్టుకున్న వెచ్చదనం రాదు. నల్లపూస మనిషికే వాడతాం, వానకూ కరెంటుకూ వాడము. ఇంగ్లీషు జాతీయం అన్నిటికీ చెల్లుతుంది.

చిత్తూరు, పుత్తూరు, నగరి వైపు తమిళం మాట్లాడే ఇళ్లలో ‘అత్తి పూత్తార్ పోల’ అంటారు. అత్తిపువ్వు కాయ లోపలే ఉండి బయటికి కనిపించదు కనుక, అది పూసినట్టు అంటే అంత అరుదు అని. ఆ ఇళ్ల పిల్లలకు బ్లూ మూన్ వివరించడానికి నాకు నిమిషం కూడా పట్టదు.

ప్రతి ఏటా ఒకసారి జరిగే పండుగలకు దీన్ని వాడవచ్చా?

వాడకూడదు. తిరుపతి గంగమ్మ జాతర ఏడాదికి ఒక్కసారే వస్తుంది, కానీ మే నెలలో వచ్చి తీరుతుంది. వేషాలు కట్టేవాళ్లు ముందుగానే సిద్ధమవుతారు, దూరాన ఉన్నవాళ్లు సెలవులు పెట్టుకుంటారు. అలా ఎదురుచూడగలిగినది బ్లూ మూన్ కాదు. తక్కువసార్లు రావడం వేరు, వస్తుందో రాదో తెలియకపోవడం వేరు. మీరు వాడబోయే సందర్భానికి తేదీ రాసుకోగలిగితే ‘వన్స్ ఎ ఇయర్’ అనండి, రాసుకోలేకపోతే ఈ జాతీయాన్ని వాడండి.

వాక్యంలో దీన్ని ఎక్కడ పెట్టాలి? క్రియ ఎలా ఉండాలి?

ఎక్కువగా వాక్యం చివర వస్తుంది: ‘వి ఈట్ అవుట్ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్.’ నొక్కి చెప్పాలంటే ముందు ‘ఓన్లీ’ చేర్చవచ్చు. వాక్యం మొదట్లో పెట్టినా తప్పు లేదు. అలవాటును చెబుతున్నాము కనుక క్రియ సాధారణ వర్తమానంలో ఉండాలి. ‘హి ఈజ్ కమింగ్ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అనకూడదు, ‘హి కమ్స్’ అనాలి. మనం ‘వస్తున్నాడు’, ‘వస్తుంటాడు’ అన్న అలవాటులో ఈ పొరపాటు చేస్తాము.

ఇంతకంటే ముఖ్యమైన పొరపాటు ఇంకొకటి ఉంది, దీనికి మూలం మన భాషలోనే ఉంది. తెలుగులో అరుదుతనాన్ని చాలావరకు వ్యతిరేక క్రియతో చెబుతాం. ‘ఎప్పుడో గాని రాడు’, ‘ఏ పండక్కో తప్ప ఇల్లు కదలదు’ అంటాం. ఆ వాక్యం మనసులో మెదులుతుండగా ఇంగ్లీషు మాట్లాడితే ‘హి డజ్ నాట్ కమ్ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అని వచ్చేస్తుంది. ఇంగ్లీషులో ఈ జాతీయానికి క్రియ అనుకూలంగానే ఉండాలి. వస్తాడు, కాకపోతే అరుదుగా వస్తాడు. తరగతిలో నేను ‘ఎప్పుడో గాని రాడు’ అన్న వాక్యాన్ని బోర్డు మీద రాయించి, ముందు దాన్ని ‘ఎప్పుడో ఒకప్పుడు వస్తాడు’గా మార్పించి, ఆ తర్వాతే ఇంగ్లీషులోకి తీసుకువెళ్లిస్తాను. ఆ మధ్య మెట్టు ఎక్కినవారు మళ్లీ ఈ తప్పు చేయడం నేను దాదాపు చూడలేదు.

ఒకేఒక్కసారి జరిగిన సంగతికి కూడా ఇది పనికిరాదు. ‘నిన్న వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ వడగళ్లు పడ్డాయి’ అన్న వాక్యం కుదరదు. అరుదుగానైనా మళ్లీ మళ్లీ జరిగేది కావాలి.

‘వన్స్ ఇన్ బ్లూ మూన్’ అని చాలామంది అంటారు. అది తప్పా?

తప్పే. మధ్యలో ‘ఎ’ ఉండాలి. తెలుగులో ఇంగ్లీషు ఆర్టికల్స్ వంటివి లేవు కనుక మన చెవికి ఆ లోటు వినిపించదు.

బస్టాండుకు దగ్గరలో ఒక లాడ్జీ రిసెప్షనులో పనిచేసే అమ్మాయి మా తరగతికి వచ్చేది. ఒక రాత్రి వేడినీళ్లు రాలేదని ఫిర్యాదు చేసిన ఉత్తరాది యాత్రికుడు ఇలా తరచూ జరుగుతుందా అని ఇంగ్లీషులో అడిగితే, ‘వన్స్ ఇన్ బ్లూ మూన్ సార్’ అని చెప్పిందట. ఆయనకు అర్థమైంది, శాంతించాడు కూడా. మర్నాడు ఆమె నన్ను, ‘అర్థం అయిపోతున్నప్పుడు ఆ ఒక్క అక్షరం ఎందుకు సార్?’ అని అడిగింది. నిజాయితీ గల ప్రశ్న అది. నేను ఆమెకు చెప్పిన సమాధానం ఇదే: ఆ ‘ఎ’ మన ‘ఏదో ఒక’తో సమానం. ఏ చంద్రుడో తెలియదు, ఎప్పటి చంద్రుడో తెలియదు, ఏదో ఒక నీలి చంద్రుడు. ‘ఎప్పుడో ఒకప్పుడు’ అన్న మన మాటలో ‘ఒక’ చేసే పనే ఇంగ్లీషులో ‘ఎ’ చేస్తోంది. దాన్ని తీసేస్తే జాతీయంలో ఉన్న అనిశ్చితి పోతుంది. ‘ఎ’ బదులు ‘ద’ పెట్టినా అంతే. ఆ అమ్మాయి తన కౌంటరు దగ్గరి క్యాలెండరు వెనుక ‘ఎ = ఏదో ఒక’ అని పెన్సిలుతో రాసుకుంది.

‘వన్స్ ఇన్ ఎ వైల్’, ‘వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్’ కూడా ఇదేనా?

కావు. ‘వన్స్ ఇన్ ఎ వైల్’ అంటే అప్పుడప్పుడు, అందులో అంత అరుదుతనం లేదు. ‘వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్’ అంటే జన్మకో అవకాశం. అందులో అపురూపమన్న భావం, దాన్ని వదులుకోకూడదన్న తొందర ఉంటాయి. మొదటిసారి తిరుమల కొండకు వచ్చిన విదేశీయులు తమ అనుభవాన్ని అలా చెప్పుకోవచ్చు. బ్లూ మూన్‌లో ఆ పొగడ్త లేదు. ఇక ‘వెన్ పిగ్స్ ఫ్లై’ అంటే సూర్యుడు పడమట పొడిచినప్పుడు, అంటే ఎప్పటికీ జరగదని.

ఎవరితో అనవచ్చు, ఎక్కడ అనకూడదు?

ఇది చనువైన మాట. స్నేహితులతో, తోటి ఉద్యోగులతో, పరిచయమైన కస్టమర్లతో నిస్సంకోచంగా అనవచ్చు. సెలవు చీటీలోనూ, బ్యాంకు అర్జీలోనూ, పరిశోధన వ్యాసంలోనూ రాయకూడదు, అక్కడ ‘వెరీ రేర్లీ’ చాలు. ఉద్యోగపు ఇంటర్వ్యూలో ‘సెలవులు ఎక్కువగా పెడతారా?’ అన్నప్పుడు కొందరు ఉత్సాహంగా దీన్ని ప్రయోగిస్తారు. నా సలహా వద్దనే. అడిగేవారు ఖచ్చితమైన మాట కోరుతున్నప్పుడు లెక్కలేని మాట చెబితే దాటవేసినట్టు ఉంటుంది.

బాధ కలిగించిన సంఘటనల దగ్గర అసలే వాడకూడదు. 2021 నవంబరులో కుండపోత వానలకు తిరుపతి వీధులు ఏరులైనప్పుడు ఎన్నో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. అంత వరద అరుదన్నది నిజమే అయినా, సామాను పోగొట్టుకున్నవారి ముందు ఈ మాట తేలికగా వినిపిస్తుంది. మాట అర్థం ఎంత సరిపోయినా దాని బరువు సరిపోవాలి.

మరో జాగ్రత్త ఉంది. ఎదుటివారి గురించి అన్నప్పుడు ఇందులో సహజంగానే ఫిర్యాదు ధ్వనిస్తుంది. ‘నువ్వు వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ చదువుతావు’ అంటే ఆ పిల్లవాడు నిందగానే తీసుకుంటాడు. మన గురించి మనం అన్నప్పుడు ఆ ముల్లు ఉండదు: ‘నేను కాఫీ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ తాగుతాను’ అన్నది వట్టి సమాచారం.

పలకడంలో గమనించవలసినవి ఏవైనా ఉన్నాయా?

మూడే. తెలుగు మాటలు అచ్చుతో ముగియడం మనకు అలవాటు కనుక ‘మూను’ అని చివర ఒక ఉకారం చేరుతుంది, దాన్ని ఆపాలి. ‘వన్స్’లో వకారం పంటికి తగలకుండా పెదవులు గుండ్రం చేసి పలకాలి. ‘ఇన్ ఎ’ రెండూ విడివిడిగా కాక ‘ఇన’ అన్నట్టు కలిసిపోతాయి. బహుశా ‘ఎ’ మన చెవినుంచి జారిపోవడానికి ఇదీ ఒక కారణం.

ఇంట్లో చిన్నపిల్లలకు దీన్ని ఎలా నేర్పాలి?

నిర్వచనంతో మొదలుపెట్టకండి. తమ ఇంట్లో చాలా తక్కువగా జరిగే పనులు అయిదు చెప్పమనండి, తెలుగులోనే. తర్వాత వాటిలో తేదీ ఉన్నవాటిని కొట్టేయమనండి. పుట్టినరోజు పోతుంది, సంక్రాంతి పోతుంది, కనుమ నాడు తాతగారి ఊరికి వెళ్లడం పోతుంది. మిగిలినవాటిని ఇంగ్లీషులో ఒక్కొక్క వాక్యంగా చెప్పించండి. నాన్న వంట చేయడం, ఇంట్లో అందరూ కలిసి సినిమాకు వెళ్లడం, అన్నయ్య తన సైకిలు అడగకుండానే ఇవ్వడం వంటివి సాధారణంగా మిగులుతాయి.

ఒకసారి సెలవుల్లో ఏడో తరగతి పిల్లలతో ఈ అభ్యాసం చేయించాను. ఒక అమ్మాయి జాబితాలో అన్నీ కొట్టేశాక ఒక్కటే మిగిలింది. దాన్ని ఇంగ్లీషులో నోట్సులో ఇలా రాసుకుంది: ‘మై మదర్ స్లీప్స్ ఇన్ ద ఆఫ్టర్‌నూన్ వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్.’ క్రియ సరిగ్గా ఉంది, ‘ఎ’ కూడా దాని చోట అది ఉంది.